తెలిసి దాచారా, చూడకుండా వదిలేశారా? షటిల్ ప్రమాదాలు, రహస్య యాత్రలు, కుట్ర కథలు

ఫిబ్రవరి 1 దగ్గర పడితే చాలు, కల్పనా చావ్లా ఫొటోతో ఒక సందేశం ఫోన్లలో తిరగడం మొదలవుతుంది. కొలంబియా క్షేమంగా తిరిగి రాదని నాసాకు ముందే తెలుసట. ఏడుగురికీ ఆ మాట చెప్పకుండా, చివరి రోజు దాకా నవ్వుతూ పని చేసుకోనిచ్చారట. చదివితే గుండె కలుక్కుమంటుంది, ఆ వెంటనే కోపం వస్తుంది. మెయిన్స్‌కు తయారవుతున్నవాళ్లకైతే ఎథిక్స్ పేపర్లో ఉదాహరణగా పనికొస్తుందన్న ఆలోచన కూడా వస్తుంది.

వాడకండి. ఆ సందేశం అబద్ధం. అయితే దానికి కూతవేటు దూరంలోనే ఒక నిజం ఉంది. అది ఆ అబద్ధం కంటే బరువైనది, పరీక్షకు పనికొచ్చేదీ అదే. దాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు ప్రచ్ఛన్న యుద్ధ కాలానికి వెళ్లాలి. అంతరిక్షం గురించిన కుట్ర కథలన్నీ మొలకెత్తింది ఆ నేలలోనే.

దాచినవి నిజమే, కథలు మాత్రం వేరే

1960 అక్టోబర్ 24న బైకనూర్‌లో ఆర్-16 అనే క్షిపణి ప్రయోగ వేదిక మీదే పేలిపోయింది. ఇంధనం నింపిన రాకెట్ చుట్టూ మనుషులు మరమ్మతులు చేస్తుండగానే రెండో దశ ఇంజిన్ అంటుకుంది. సోవియట్ వ్యూహాత్మక రాకెట్ దళాల అధిపతి మార్షల్ నెదేలిన్‌తో పాటు పదుల సంఖ్యలో ఇంజినీర్లు, సైనికులు కాలిపోయారు. ప్రభుత్వం మాత్రం నెదేలిన్ విమాన ప్రమాదంలో చనిపోయాడని ప్రకటించింది. అసలు సంగతి సోవియట్ పాఠకులకు వివరంగా తెలిసింది 1989లో.

అయిదు నెలల తర్వాత, 1961 మార్చి 23న, శిక్షణలో ఉన్న యువ వ్యోమగామి వాలెంటిన్ బొందరెంకో ఆక్సిజన్ నిండిన గదిలో మంటలంటుకుని చనిపోయాడు. అది గగారిన్ ప్రయాణానికి సరిగ్గా 20 రోజుల ముందు. ఆ మరణాన్నీ 1986 దాకా బయటపెట్టలేదు. గగారిన్ విషయంలోనూ ఒక దాపరికం ఉంది. ఆయన వ్యోమనౌకలో కూర్చునే నేలకు దిగలేదు. ముందే బయటికి వచ్చి పారాచూట్‌తో దిగాడు. అంతర్జాతీయ రికార్డు నిబంధనలకు ఇబ్బంది అవుతుందని ఆ వివరాన్ని ఏళ్ల తరబడి మింగేశారు.

ఇంత దాచే ప్రభుత్వం ఇంకెంత దాచి ఉంటుందో అన్న అనుమానం రావడం సహజమే. ఇటలీలోని ట్యూరిన్‌లో యూదికా-కోర్దీలియా సోదరులు ఇద్దరు తమ రేడియో పరికరాలతో అంతరిక్షంలో చనిపోతున్న సోవియట్ వ్యోమగాముల గొంతులు, గుండె చప్పుళ్లు పట్టుకున్నామని ప్రచారం చేశారు. గగారిన్ కంటే ముందే కొందరు కక్ష్యలోకి వెళ్లి తిరిగి రాలేదన్న ‘గల్లంతైన వ్యోమగాముల’ కథ అలా ప్రపంచమంతా పాకింది. సోవియట్ అధికారిక ఫొటోల్లో కొన్ని ముఖాలను చెరిపేయడం కూడా ఈ కథకు ఊపిరి పోసింది.

అమెరికన్ పరిశోధకుడు జేమ్స్ ఓబెర్గ్ ఆ చెరిపిన ముఖాల వెంట పడ్డాడు. తేలింది ఏమిటి? అందులో ఒకడు గ్రిగోరి నెల్యుబోవ్. అంతరిక్షంలోకి వెళ్లనే లేదు. తాగి సైనిక గస్తీ వాళ్లతో గొడవపడినందుకు దళం నుంచి తీసేశారు. సోవియట్ యూనియన్ కూలి పత్రాలు బయటికి వచ్చాక కూడా, గగారిన్‌కు ముందు కక్ష్యలో ఎవరైనా చనిపోయారనడానికి ఒక్క ఆధారమూ దొరకలేదు. 1967లో సోయుజ్-1లో కొమరోవ్, 1971లో సోయుజ్-11లో ముగ్గురు చనిపోయినప్పుడు మాస్కో వెంటనే ప్రకటించింది కూడా.

చరిత్ర విద్యార్థి ఇక్కడ ఒక తేడా గమనించాలి. దాపరికం నిజం, మరణాలు నిజం. కానీ దాచిన మరణాలు నేల మీద జరిగాయి, కథలోని మరణాలు ఆకాశంలో జరిగాయి. నిప్పు లేనిదే పొగ రాదంటారు. నిప్పు ఉన్నచోటా, పొగ కనిపించిన చోటా ఒకటే కావాలని మాత్రం లేదు.

షటిల్‌కు ఉన్న సైనిక ముఖం

అమెరికాలో కథ వేరు. నాసా పౌర సంస్థ. ప్రయోగాలు టీవీలో ప్రత్యక్షంగా వస్తాయి. అయినా స్పేస్ షటిల్ పుట్టుకలోనే సైన్యం చెయ్యి ఉంది. సరుకు గది పొడవు, రెక్కల ఆకారం అమెరికా వైమానిక దళం అవసరాలను బట్టి నిర్ణయమయ్యాయి. కాలిఫోర్నియాలోని వాండెన్‌బర్గ్‌లో సైనిక ప్రయోగాల కోసం ప్రత్యేకంగా ఒక వేదిక కూడా కట్టారు. చాలెంజర్ ప్రమాదం తర్వాత దాన్ని పక్కన పెట్టేశారు, ఒక్క షటిల్ కూడా అక్కడి నుంచి లేవలేదు.

ఈ సైనిక ముఖాన్ని చూసి భయపడింది వీధిలో మనుషులు మాత్రమే కాదు. 1970ల్లో మాస్కోలోని కెల్దిష్ సంస్థ శాస్త్రవేత్తలు షటిల్ ఖర్చు లెక్కలు వేసి చూశారు. అమెరికా చెబుతున్న పొదుపు ఎక్కడా కనిపించలేదు. లెక్క కుదరడం లేదంటే దీని వెనుక చెప్పని సైనిక ప్రయోజనం ఏదో ఉండాలని నిర్ధారించుకున్నారు. మాస్కో మీద బాంబు వేయడానికే కావచ్చన్న అనుమానమూ అందులో ఉంది. సోవియట్ ప్రభుత్వం అచ్చం అలాంటి ‘బురాన్’ను తయారు చేయించింది. అది 1988 నవంబర్ 15న, మనుషులు లేకుండా, ఒకే ఒక్కసారి ఎగిరింది. అసలు సంగతేమిటంటే అమెరికా లెక్క నిజంగానే తప్పు. కారణం కుట్ర కాదు, అతి ఆశ. ఎదుటివాడి పొరపాటును ఎత్తుగడ అనుకుని ఒక అగ్రరాజ్యమే అంత ఖర్చు పెట్టినప్పుడు, ఫోన్లో సందేశం నమ్మేవాణ్ని ఒక్కణ్నే ఎందుకు తప్పుపట్టాలి?

1985 నుంచి 1992 వరకు అమెరికా రక్షణ శాఖ కోసం షటిళ్లు కొన్ని రహస్య యాత్రలు చేశాయి. మొదటిది 1985 జనవరి 24న డిస్కవరీ చేసిన 51-సి యాత్ర. బయల్దేరే సమయం కూడా చివరి నిమిషాల వరకు ప్రజలకు చెప్పలేదు. లోపల ఉన్నది గూఢచార ఉపగ్రహమని పత్రికలు ముందే రాశాయి, రాయొద్దని సైన్యం హెచ్చరించినా. కుట్ర కథలు అల్లేవాళ్లు ఈ యాత్రల గురించి ఏవేవో ఊహించారు. అసలు రహస్యం, అంటే మనుషుల ప్రాణాలకు సంబంధించినది, సరుకు గదిలో లేదు. పక్కనున్న బూస్టర్ కీళ్లలో ఉంది.

చాలెంజర్: చలి, రబ్బరు వలయం, ఒక రాత్రి సమావేశం

షటిల్‌ను పైకి లేపే సాలిడ్ రాకెట్ బూస్టర్లు ముక్కలుగా తయారవుతాయి. ముక్కకూ ముక్కకూ మధ్య వేడి వాయువు బయటికి రాకుండా ఓ-రింగ్ అనే రబ్బరు వలయాలు రెండు ఉంటాయి. మన ఇంట్లో కుక్కర్ మూతకు ఉండే రబ్బరు చేసే పనే, తీవ్రత మాత్రం ఊహకందనిది. 51-సి బయల్దేరిన రోజు ఫ్లోరిడాలో అసాధారణమైన చలి. కీలు దగ్గర ఉష్ణోగ్రత సుమారు 12 డిగ్రీల సెల్సియస్. సముద్రంలో పడిన బూస్టర్లను తెచ్చి విప్పి చూస్తే, మొదటి వలయాన్ని దాటి వచ్చిన వాయువు గ్రీజును నల్లగా మాడ్చేసి ఉంది. చలికి రబ్బరు బిగుసుకుని, సమయానికి సాగలేకపోయింది.

దాన్ని చూసిన ఇంజినీరు రోజర్ బోజోలీ. బూస్టర్లు తయారు చేసే మోర్టన్ థియోకోల్ సంస్థ ఉద్యోగి. 1985 జూలై 31న పై అధికారులకు రాసిన నోట్‌లో, ఈ సమస్యను వెంటనే పట్టించుకోకపోతే మహా విపత్తు తప్పదని హెచ్చరించాడు.

1986 జనవరి 27 రాత్రి, చాలెంజర్ ప్రయోగానికి ముందు, థియోకోల్ ఇంజినీర్లకూ నాసా అధికారులకూ మధ్య ఫోన్ సమావేశం జరిగింది. 12 డిగ్రీల కంటే తక్కువలో వద్దని ఇంజినీర్లు చెప్పారు. నాసా అధికారులు అసంతృప్తి చూపారు. థియోకోల్ యాజమాన్యం కాసేపు విడిగా మాట్లాడుకుంది. ఇంజినీరు టోపీ తీసి మేనేజరు టోపీ పెట్టుకోమని అక్కడ ఒక పెద్ద అధికారి మరొకరితో అన్నట్టు తర్వాత విచారణలో బయటపడింది. చివరికి సరేనన్నారు. మర్నాడు ఉదయం 11.38కి, గాలి ఉష్ణోగ్రత 2 డిగ్రీల దగ్గర ఉండగా, చాలెంజర్ లేచింది. 73 సెకన్లకు ఏడుగురూ ఉన్న నౌక ముక్కలైంది. అందులో క్రిస్టా మెకాలిఫ్ అనే బడి పంతులమ్మ ఉంది. ఎల్లిసన్ ఒనిజుకా కూడా ఉన్నాడు. ఏడాది కిందట 51-సి రహస్య యాత్రలో వెళ్లి క్షేమంగా తిరిగొచ్చినవాడే. ఆయన ఎక్కిన మొదటి నౌక మోసుకొచ్చిన హెచ్చరికను పట్టించుకోకపోవడమే రెండో నౌకలో ఆయన ప్రాణం తీసింది.

ఆ తర్వాత వచ్చిన కథలు చాలానే ఉన్నాయి. ఆ ఏడుగురూ బతికే ఉన్నారని, వేరే ఊళ్లలో అవే పేర్లతో ఉద్యోగాలు చేస్తున్నారని, పోలికలున్న మనుషుల ఫొటోలు పక్కపక్కన పెట్టి తిప్పారు. ఎవరో అల్లిన ‘చివరి నిమిషాల సంభాషణ’ అసలు టేపు రాతప్రతిగా చెలామణి అయింది. ఇక్కడ నాసా తప్పు కూడా ఉంది. మొదట్లో సిబ్బంది క్షణంలోనే చనిపోయి ఉంటారన్న అభిప్రాయం కలిగేలా మాట్లాడారు. 1986 జూలై 28న వైద్య నివేదిక వచ్చింది. నౌక ముక్కలైనా సిబ్బంది గది గట్టిగానే ఉండిపోయిందని, సముద్రాన్ని తాకడానికి 2 నిమిషాల 45 సెకన్లు పట్టిందని, దొరికిన నాలుగు అత్యవసర గాలి పెట్టెల్లో మూడు తెరిచి ఉన్నాయని అది చెప్పింది. ఎప్పటిదాకా స్పృహలో ఉన్నారో తేల్చలేకపోయింది. గొంతుల టేపు ఇవ్వాలని న్యూయార్క్ టైమ్స్ కోర్టుకెక్కింది. కుటుంబాల గోప్యత కారణంగా ఇవ్వనక్కర్లేదన్న వాదనే చివరికి నిలిచింది. న్యాయమైన నిర్ణయమే అని నా అభిప్రాయం. కానీ మూసిన ప్రతి తలుపు ముందూ ఎవరో ఒకరు నిలబడి, లోపల ఏముందో నాకు తెలుసు అంటారు.

రోజర్స్ కమిషన్ మాత్రం దాచలేదు. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్, శాలీ రైడ్, రిచర్డ్ ఫైన్‌మన్ వంటివారు అందులో సభ్యులు. 1986 జూన్ 6న నివేదిక ఇచ్చారు. ఫైన్‌మన్ అందరి ముందూ రబ్బరు ముక్కను చల్లని ఐసు నీళ్లలో ముంచి, అది సాగే గుణం కోల్పోవడం చూపించాడు. ఆయన అనుబంధంలో ఒక లెక్క ఉంది: నౌక పోయే అవకాశం నూటికి ఒకటి అని ఇంజినీర్లు, లక్షకు ఒకటి అని యాజమాన్యం అనుకుంటున్నారట. ఒకే భవనంలో రెండు ప్రపంచాలు.

ఎవరికీ తెలియకుండా తప్పిపోయిన ప్రమాదం

1988 డిసెంబర్ 2న అట్లాంటిస్ మరో రహస్య యాత్రకు వెళ్లింది. అది ఎస్‌టీఎస్-27. ఎగిరిన 85 సెకన్లకు బూస్టర్ ముక్కు భాగం నుంచి ఊడిన పదార్థం నౌక పొట్టను తాకింది. యాంత్రిక చేతికున్న కెమెరాతో చూసిన కమాండర్ రాబర్ట్ గిబ్సన్‌కు వేడిని ఆపే పెంకులు చాలాచోట్ల దెబ్బతిన్నట్టు కనిపించింది. తాము బతకమనే అనుకున్నానని ఆయన తర్వాత చెప్పాడు. రహస్య యాత్ర కావడంతో వీడియోను సంకేత భాషలోకి మార్చి, నాణ్యత తగ్గించి పంపాల్సి వచ్చింది. భూమ్మీద ఉన్నవాళ్లు ఆ మసక బొమ్మలు చూసి, అవి వెలుగునీడలేనని, ప్రమాదం లేదని తేల్చారు. దిగాక లెక్కపెడితే 700కు పైగా పెంకులు దెబ్బతిని ఉన్నాయి. ఒకటి పూర్తిగా ఊడిపోయింది. అదృష్టవశాత్తు దాని కింద యాంటెన్నా బిగించిన మందపాటి లోహపు పలక ఉంది.

నా దృష్టిలో షటిల్ చరిత్ర మొత్తంలో అత్యంత విలువైన ఘట్టం ఇదే, అభ్యర్థులు అతి తక్కువగా చదివేదీ ఇదే. రహస్యం ఇక్కడ నేరాన్ని దాచలేదు. చూపును మసకబార్చింది.

కొలంబియా: ఫొటో తీయమని అడిగినా

2003 జనవరి 16న కొలంబియా బయల్దేరిన 82వ సెకనులో బయటి ఇంధన ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క ఎడమ రెక్క అంచుకు కొట్టుకుంది. బరువు కిలో కూడా లేదు. అంతకు ముందూ ట్యాంకు నుంచి నురుగు ఊడేది. 2002 అక్టోబర్‌లోనూ అదే చోటి నుంచి ఊడింది. ప్రతిసారీ నౌక క్షేమంగా దిగడంతో అది ప్రమాదం అన్న సంగతి మరుగున పడి, మామూలు మరమ్మతు పనిగా మారింది. చాలెంజర్ మీద 1996లో వచ్చిన పుస్తకంలో సామాజిక శాస్త్రవేత్త డయాన్ వాన్ వివరించినది ఈ ధోరణినే: నియమం తప్పడం కొద్దికొద్దిగా అలవాటై, చివరికి అదే నియమంగా కనిపించడం.

వీడియో చూసిన ఇంజినీర్లకు దిగులు పట్టుకుంది. రక్షణ శాఖ ఉపగ్రహాలతోనో టెలిస్కోపులతోనో రెక్కను ఫొటో తీయించమని మూడు సార్లు అడిగారు. ఒక అభ్యర్థన రక్షణ శాఖ దాకా వెళ్లింది కూడా. యాత్ర నిర్వాహకులు దాన్ని వెనక్కి తీసుకున్నారు. తర్వాత అడ్మిరల్ గెహ్మన్ నాయకత్వంలోని విచారణ బోర్డు మరో సంగతి బయటపెట్టింది. జాతీయ గూఢచార ఉపగ్రహాలు ఎంత స్పష్టంగా చూడగలవో తెలుసుకునే భద్రతా అనుమతి ఆ యాత్ర నిర్వహణ వరుసలో ఎవరికీ లేదు. దగ్గరున్న కన్ను ఎంత చూడగలదో తెలియక, దాన్ని వాడనే లేదు.

జనవరి 23న కమాండర్‌కూ పైలట్‌కూ భూమి నుంచి ఈమెయిల్ వెళ్లింది. నురుగు తగిలిందని, ఇలాంటివి ముందూ జరిగాయని, ఆందోళన అక్కర్లేదని. అంటే సంగతి దాచలేదు, తేలిగ్గా తీసిపారేశారు. ఫిబ్రవరి 1న తిరిగి వస్తుండగా రెక్కలోని రంధ్రం గుండా వేడి వాయువు చొరబడి టెక్సాస్ ఆకాశంలో నౌక విడిపోయింది. ఆ ఏడాది జూలైలో శాన్ ఆంటోనియోలో అలాంటి నురుగునే తుపాకీతో రెక్క అంచు పలక మీదికి కొట్టి చూస్తే సుమారు 40 సెంటీమీటర్ల రంధ్రం పడింది.

మరి మొదట చెప్పుకున్న సందేశం ఎక్కడి నుంచి వచ్చింది? 2013లో నాసా మాజీ అధికారి వేన్ హేల్ తన బ్లాగులో ఒక పాత సంభాషణను గుర్తు చేసుకున్నాడు. పెంకులకు దెబ్బ తగిలితే కక్ష్యలో చేయగలిగిందేమీ లేదు కాబట్టి, సిబ్బందికి తెలియకపోవడమే మేలేమో అని ఒక పెద్ద అధికారి అప్పట్లో అన్నాడట. అది ఆ అధికారి మనస్తత్వం, నిర్ణయం కాదు. దెబ్బ ఎంతో ఎవరికీ తెలిసిన స్థితీ కాదు. పత్రికల శీర్షికల్లో అది ‘తెలిసీ చెప్పలేదు’గా మారింది. గోరంత కొండంత అయిందనలేం, ఎందుకంటే ఆ మాట గోరంతదేమీ కాదు. పైగా చేయగలిగిందేమీ లేదన్నదీ నిజం కాదు. మార్చి 1 ప్రయోగానికి అట్లాంటిస్ సిద్ధమవుతోంది. పని ముమ్మరం చేస్తే ఫిబ్రవరి 10 ప్రాంతంలో పంపగలిగేవారని, పొదుపుగా వాడితే కొలంబియాలో గాలిని శుద్ధి చేసే సామగ్రి ఫిబ్రవరి 15 దాకా సరిపోయేదని బోర్డు కోరిక మీద జరిగిన అధ్యయనం తేల్చింది. కష్టమైన, ప్రమాదకరమైన మార్గమే, కానీ ఉంది. ముందు చూసి ఉండాలి, అంతే.

మిగతా కథలు క్లుప్తంగా. ఇజ్రాయెల్ వ్యోమగామి ఇలాన్ రామోన్ 1981లో ఇరాక్ అణు రియాక్టర్ మీద దాడిలో పాల్గొన్న పైలట్ కావడంతో విధ్వంసం అన్నారు. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి తీసిన ఒక ఫొటోలో ఊదారంగు మెలిక కనిపిస్తే మెరుపాయుధం అన్నారు. కెమెరా కదలడం వల్లనే అలా పడిందని బోర్డు తేల్చింది. పేలుడును ఉపగ్రహం తీసిన ఫొటోలంటూ తిరిగినవి 1998 నాటి ‘ఆర్మగెడాన్’ అనే హాలీవుడ్ సినిమాలోవి.

మన దేశం ఆ దుఃఖాన్ని తన పద్ధతిలో గుర్తుంచుకుంది. 2002 సెప్టెంబర్ 12న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సి4 కక్ష్యలోకి పంపిన మెట్‌శాట్ వాతావరణ ఉపగ్రహానికి, 2003 ఫిబ్రవరి 5న ప్రధాని వాజ్‌పేయి ‘కల్పన-1’ అని పేరు మార్చారు.

జవాబులో వాడాలనుకుంటే ఇలా వాడండి. కొలంబియాను ‘సమాచారం దాచడం’ కింద రాయకండి, ‘సమాచారం కోరకపోవడం’ కింద రాయండి. బోజోలీని విజిల్‌బ్లోయర్‌గా రాసేటప్పుడు, ప్రమాదానికి ముందు ఆయన హెచ్చరించింది సంస్థ లోపలే అని, లోకానికి చెప్పింది తర్వాత విచారణలో అని గుర్తుంచుకోండి. ఎస్‌టీఎస్-27ను పారదర్శకతకు, జాతీయ భద్రతకు మధ్య ఘర్షణ అన్న ప్రశ్నలో వాడొచ్చు. ప్రశ్న చరిత్ర పేపర్లో ప్రచ్ఛన్న యుద్ధం గురించి అయితే నెదేలిన్, బురాన్ రెండూ చాలు.

శకలాల విషయంలో రెండు ప్రమాదాలకూ తేడా ఉంది. కొలంబియావి 84,000 ముక్కలు ఏరి, కెన్నెడీ కేంద్రంలో భద్రపరిచి పరిశోధకులకు ఇస్తున్నారు. చాలెంజర్ ముక్కలను మాత్రం పాత క్షిపణి గోతుల్లో వేసి కాంక్రీటుతో మూసేశారు. సాక్ష్యం పూడ్చేశారనే వాళ్లకు ఇది బాగా దొరికింది. 2022లో ఫ్లోరిడా తీరంలో ఒక టీవీ బృందం సముద్రంలోకి దిగింది. బెర్ముడా ట్రయాంగిల్ మిస్టరీల ధారావాహిక కోసం, 1945లో మాయమైన విమానాన్ని వెతుకుతోంది. ఇసుకలో చదరపు పెంకులున్న పెద్ద ముక్క కనిపించింది. వీడియో చూసిన నాసా, నవంబర్ 10న అది చాలెంజర్‌దేనని ధ్రువీకరించింది.